పాత ఇంజను పడవను కొన్న తరువాత

గోదావరి, కృష్ణా లంకలలో భూములు గల రైతులకు పడవ ఎద్దుబండి వంటిది. ఇటీవల వంతెనలు ఎన్నో వచ్చినను, కొబ్బరికాయలు, అరటి గెలలు, కంద, కూరగాయలు, పశువుల మేత ఒడ్డు దాటించుటకును, కూలీలను లంకకు చేర్చుటకును పడవయే ఆధారముగా నున్న చోట్లు ఇంకను కలవు. కొత్త పడవకు, కొత్త ఇంజనుకు చాలినంత సొమ్ము లేని రైతులు ఒకరు వాడిన ఇంజను పడవను కొనుచుందురు. ఇందులో తప్పేమియు లేదు. మంచి కలపతో కట్టిన పడవ, శ్రద్ధగా చూచుకొన్న డీజిలు ఇంజను చాల ఏండ్లు పనిచేయును. అయితే కొన్న మరునాడే దాని నిండ బరువు వేసి ఏటిలోనికి నడుపుట తగదు. సంతలో కొని తెచ్చిన ఎద్దును ఆనాడే బరువు బండికి కట్టి గట్టు ఎక్కించము గదా! దాని నడక, దాని భయములు తెలిసికొనుటకు కొన్ని దినములు పట్టును. పడవ సంగతియు అంతే.

పడవ వేగముగా పోవుట లేదనియు, డీజిలు ఎక్కువ త్రాగుచున్నదనియు తోచినపుడు చాలమంది ముందుగా ఇంజనును అనుమానింతురు. పెద్ద ఇంజను బిగించుమని సలహా చెప్పువారును రేవులో తప్పక ఉందురు. ఆ సలహా వినక పూర్వము మూడు సంగతులు చూడవలెను. పడవ లోలోపల మోయుచున్న వృథా బరువు ఒకటి, అడుగున పట్టిన నాచు రెండవది, నీటిలో తిరుగు పంకా మూడవది. ఈ మూటిని సరిచేసికొన్న పిదప పాత ఇంజనే చాలుననుట తరచు తేలును.

పడవను ఒడ్డుకు లాగించుట

కొనిన వెంటనే చేయవలసిన మొదటి పని పడవను పూర్తిగా ఒడ్డుకు లాగించి, అడుగు కనబడునట్లు దుంగలపై నిలుపుట. అమ్మినవాడు రంగు కొత్తగా వేసి యున్నచో మరింత జాగ్రత్తగా చూడవలెను. రంగు క్రింద ఏమి దాగినదో రంగు చెప్పదు.

కర్ర పడవయైనచో సన్నని మేకుతోగాని, చాకు మొనతోగాని బల్లలను అక్కడక్కడ గుచ్చి చూడవలెను. గట్టి కలపలో మొన దిగదు. చివికిన చోట మెత్తగా దిగిపోవును. నీటి గీటు వద్దను, ఇంజను దిమ్మ క్రిందను, వాననీరు నిలుచు మూలలయందును చీకుడు ముందు పుట్టును. మేకుల చుట్టును నల్లని మచ్చలున్న యెడల ఇనుము త్రుప్పుపట్టి కలపను తినుచున్నదని గ్రహించవలెను. అతుకులలో దట్టించిన పత్తి ఊడివచ్చుచున్నచో దానిని పూర్తిగా తీయించి, కొత్తగా దట్టించి, గుగ్గిలము పట్టించవలెను. తూర్పు తీరమున తాళ్లరేవు పడవల పనికి పేరుపొందిన చోటు. అటువంటి చోట్ల పనిచేసిన వడ్రంగిని ఒక పూట పిలిపించి చూపించుకొన్నచో ఆ కూలి వృథా కాదు. ఎండలో చాలకాలము ఉంచిన కర్రపడవ నీటిలోనికి దింపగానే మొదటి రోజు కొంత కారుట సహజము. బల్లలు నాని ఉబ్బిన పిదప అది తగ్గవలెను. రెండు మూడు దినములకును తగ్గనిచో అది అతుకు లోపమే.

ఫైబరు పడవను నాణెముతో తట్టి చూడవలెను. మంచిచోట గణగణ మనును. పొరలు విడిపోయినచోట, లోన నీరు చేరినచోట బోలుగా, మందముగా శబ్దమగును. ఫైబరు పడవ నీరు త్రాగదని చాలమంది తలంపు. పై పొర చెడినచో, లోపల కలపగాని నురుగు దిమ్మగాని పెట్టి కట్టినచో, అది మెల్లమెల్లగా నీరు పీల్చును. అట్టి పడవ కంటికి ఎట్లున్నదో అట్లే యుండి, బరువు మాత్రము పెరిగిపోవును. 

అడుగున నాచు ఏమాత్రమున్నను గీకి కడిగించవలెను. మంచినీటి రేవులలో నాచు, ఉప్పునీరు ఎక్కివచ్చు పాయలలో పెంకు పురుగులు పట్టును. చేతికి గరుకుగా తగిలినంత మాత్రమునకే పడవ నడక మందగించును. ఉప్పునీటి పాయలలో తిరుగు పడవకు షాఫ్టు దగ్గర జింకు ముక్క బిగించి యుండును. పంకాకు బదులుగా అది తరుగుటకే దానిని పెట్టుదురు. సగము తరిగినచో మార్చవలెను. దానిపై రంగు వేయరాదు. రంగు వేసినచో అది పనిచేయదు.

అడుగున నిలుచు నీటి బరువు

నీటిని తాకుచోట 25 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల పడవను తీసికొందము. కొనలు సన్నగా నుండును గనుక అది నీటిపై ఆక్రమించు వైశాల్యము సుమారు 100 చదరపు అడుగులు. ఇట్టి పడవపై ఒక క్వింటాలు వేసినచో సుమారు ఒక సెంటీమీటరు దిగును. దీనినిబట్టి అడుగు బల్లల క్రింద నిలిచిన నీటి సంగతి ఆలోచింపుడు. నాలుగు వందల లీటర్ల నీరు నిలిచినచో నాలుగు క్వింటాళ్ల సరకు ఊరక మోయుచున్నట్లే. కూలి రాని సరకు అది. పైగా అరటి గెలలు పెట్టినచోట ఉండును గాని, నీరు ఉండదు. పడవ ఎడమకు ఒరిగినచో అదియు ఎడమకు పరుగెత్తును. ఒరుగుచున్న పడవను మరింత ఒరిగించును. నిండుగా నీరున్న పళ్లెమును చేతబట్టి నడచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పాత పడవలలో ఇంకొక వృథా బరువు పోగుపడి యుండును. పాత మోకులు, విరిగిన ఇంజను భాగములు, ఇసుక, బురద, ఎవరో వేసిన సిమెంటు. అడుగు బల్లలు అన్నియు పైకెత్తి ఇవి తీసివేయవలెను. సిమెంటు పూత కనబడినచో అది ఏదో చిల్లును కప్పుటకు వేసినదేమోయని అనుమానించి పగులగొట్టి చూడవలెను.

ఇంజను

పంపుసెట్టు నడిపిన రైతుకు పడవ డీజిలు ఇంజను కొత్తది కాదు. పొగను చూచియే సగము రోగము చెప్పవచ్చును. నల్లపొగ బరువు ఎక్కువైనదనియు, లేక గాలి చాలలేదనియు, లేక నాజిలు చెడినదనియు చెప్పును. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువకున్నచో లోనికి నీరు చేరుచున్నదేమో చూడవలెను. ఆయిలు పాలవలె తెల్లబడినచో నిస్సందేహముగా నీరు కలిసినదే. అట్టి ఇంజనును విప్పించకుండ నడుపరాదు. ఇవేమియు లేకున్నను, పాతవాడు ఎపుడు మార్చెనో తెలియదు గనుక ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, బెల్టు కొన్నవెంటనే మార్చుట మేలు. డీజిలు ట్యాంకి అడుగున నీరు, మడ్డి చేరియుండును. ట్యాంకిని వంచి పూర్తిగా కడిగించవలెను. ఒడ్డున ఊరక నిలుచునపుడు బాగుగా నడచిన ఇంజను, అలలపై ఊగి ఆ మడ్డి కదలినపుడు నడి ఏటిలో ఆగిపోవును.

ఏటి నీటితో చల్లబడు ఇంజనులకు నీరు పీల్చు గొట్టము ప్రాణము వంటిది. గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ సంచులు దానికి అడ్డుపడును. జల్లెడను ప్రతి దినము తీసి చూచుట అలవాటు చేసికొనవలెను. నీటి పంపులోని రబ్బరు చక్రమును కొత్తది వేయించి, పాతదానిని పడవలోనే ఉంచుకొనుట మంచిది.

షాఫ్టు పడవ గోడను దాటుచోట గ్లాండు ఉండును. పంపుసెట్టు గ్లాండు వలెనే దీనిని గూడ ఒక్కచుక్కయు రాకుండ బిగించరాదు. తిరుగునపుడు నిమిషమునకు కొన్ని చుక్కలు పడుచుండవలెను. చేయి పెట్టిన కాలునంత వేడెక్కినచో బిగువు ఎక్కువైనట్లు. ధారగా కారినచో తాడు మార్చవలెను. చేయి పెట్టి చూచునది ఇంజను ఆపిన తరువాతనే సుమా!

ఇచ్చట ఒక సంగతి గట్టిగా చెప్పవలసి యున్నది. నాటుపడవలలో ఇంజను నుండి వెనుకకు పోవు షాఫ్టు మూత లేకుండ, మనుషులు కూర్చుండుచోటనే తిరుగుచుండుట కలదు. స్త్రీ కూలీల జడగాని, చీరచెంగుగాని, పురుషుల పంచెగాని దానికి చుట్టుకొన్నచో రెప్పపాటులో జరుగు ప్రమాదము ఘోరమైనది. బ్రెజిలు దేశమున అమెజాను నదిపై ఇట్టి పడవలలో ఎందరో స్త్రీలకు, బాలికలకు జుట్టుతోపాటు తలచర్మము ఊడిపోయినది. ఆ దేశమువారు 2009లో షాఫ్టుకు మూత తప్పనిసరి చేయుచు చట్టము చేసిరి. నాలుగు బల్లముక్కలతో చేసిన పెట్టె మూత చాలును. ఇంజనుకు పెట్టు ఖర్చుకంటె ముందు ఈ ఖర్చు పెట్టవలెను. పాత పడవను అమ్మినవాడు ఇంతకాలము మూత లేకుండనే నడిపితినని చెప్పినను వినవలదు.

వెనుక తగిలించు పెట్రోలు మోటారు కొన్నవారికి కొన్ని మాటలు. దానిని నీరు లేకుండ ఒక్క క్షణమైనను నడుపరాదు. లోని రబ్బరు చక్రము కాలిపోవును. నడుచునపుడు ప్రక్కనుండి సన్నని నీటిధార రావలెను. రానిచో వెంటనే ఆపవలెను. రెండు స్ట్రోకుల మోటారులకు పెట్రోలులో ఆయిలు కలుపవలెను. ఎంత కలుపవలెనో ఆ మోటారు పుస్తకములో చూడవలెను. 50కి 1 అని యున్నచో 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఇపుడు పెట్రోలులో ఇథనాలు కలిసి వచ్చుచున్నది. అది గాలిలోని చెమ్మను పీల్చును. నెలల తరబడి ట్యాంకిలో విడిచినచో నీరు విడిపడి అడుగున చేరును. కావున వారమునకు సరిపడునంతయే కొని వాడుట మంచిది. పాత రబ్బరు గొట్టములను మార్పించవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. కారిన పెట్రోలు ఆవిరి పడవ అడుగున గుంటలో దిగి నిలుచును. మోటారు నడుపుటకు ముందు వాసన చూచుటయు, పడవలో బీడీ కాల్చనీయకుండుటయు అందుకే. తాడుతో నడుపువాని మణికట్టుకు తగిలించు ఆపుడు తాళము ఉన్నచో దానిని అలంకారముగా వ్రేలాడదీయక వాడవలెను.

ఏ రకము మేలు అని అడుగు రైతులకు మా అభిప్రాయము ఇది. రోజూ బరువు దాటించువారికి నెమ్మదిగా తిరుగు డీజిలు ఇంజనే మేలు. మనుషులు మాత్రమే రాకపోకలు చేయుటకు, ఇసుక మేటలపై పైకెత్తుకొనుటకు వెనుక మోటారు వీలుగా నుండును.

పెద్ద ఇంజను వలన ఒరుగునది తక్కువ

నీటిని చీల్చుకొని పోవు బరువు పడవకు దాని పొడవునుబట్టి ఒక హద్దు వేగము కలదు. పడవ నీటిని తాకు పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 2.5 చేత గుణించినచో గంటకు ఎన్ని కిలోమీటర్లో సుమారుగా తెలియును. 16 అడుగుల పడవకు 10, 25 అడుగులకు 12న్నర, 36 అడుగులకు 15 కిలోమీటర్లు. ఆ హద్దు దగ్గరకు వచ్చినపుడు పడవ తాను లేపిన అలకు తానే ఎదురెక్కుచున్నట్లగును. వెనుక కొన దిగబడును, ముందు కొన లేచును. అప్పుడు ఎంత పెద్ద ఇంజను బిగించినను డీజిలు ఖర్చగునేగాని వేగము పెరుగదు. తేలికయై, అడుగు చదునుగానున్న ఫైబరు పడవలు మాత్రము నీటిపైకి లేచి పరుగెత్తగలవు. వాటికిని బరువు ఎక్కువైనచో ఆ గుణము పోవును.

వేగము పెరిగినకొలది కావలసిన శక్తి అంతకంటె చాల త్వరగా పెరుగును. దీనికి ప్రతిగా, వేగమును ఐదవ వంతు తగ్గించినచో ఇంజనుపై పడు శ్రమ సుమారు సగమగును. గంటకు 12 కిలోమీటర్ల పడవ ఒక కిలోమీటరు వెడల్పు పాయను దాటుటకు 5 నిమిషములు తీసికొనును. కొంచెము తగ్గించి నడిపినచో 6 నిమిషముల 15 సెకండ్లు పట్టును. ఆ నిమిషము పైచిల్లరకు ఆదా యగు డీజిలు ఇంచుమించు మూడవ వంతు.

పంకాకు రెండు కొలతలుండును. ఒకటి దాని వ్యాసము, రెండవది ఒక్క చుట్టు తిరిగినపుడు ఎంత ముందుకు త్రోయవలెనో ఆ దూరము. దీనిని పిచ్ అందురు. రెండును అంగుళములలో పంకా బొడ్డుపై కొట్టియుండును. మామూలుగా వేయు బరువు వేసి, ఇంజనును పూర్తి వేగమున నడిపి, మెకానికు వద్దనుండు చుట్లు కొలుచు పరికరముతో చూడవలెను. ఇంజను పలకపై వ్రాసినన్ని చుట్లు తిరుగక, నల్లపొగ విడుచుచున్నచో, పంకా దానికి బరువైనదన్నమాట. తక్కువ పిచ్ గలది వేయవలెను. అవలీలగా ఆ చుట్లు దాటిపోవుచున్నచో పంకా చిన్నది. వెనుక మోటారులలో ఒక అంగుళము పిచ్ మార్చినచో నిమిషమునకు 150 నుండి 200 చుట్ల వరకు తేడా వచ్చును. పాత పడవలకు ఎవరో దొరికిన పంకా బిగించి యుండుట తరచు చూడవచ్చును. రెక్క వంగినను, అంచు చిరిగినను పడవ వణకును. ఆ వణకు గ్లాండును, బేరింగులను పాడుచేయును. వంగిన రెక్కను సుత్తితో సరిచేయింపక, పంకాలు సరిచేయువానివద్దకు పంపవలెను.

పరీక్షా ప్రయాణములు

ఒడ్డున అర కిలోమీటరు దూరము కొలిచి రెండు గుంజలు పాతవలెను. వాలున ఒకసారి, ఎదురున ఒకసారి పడవను నడిపి కాలము చూడవలెను. వాలున 2 నిమిషములు పట్టినచో గంటకు 15 కిలోమీటర్లు. ఎదురున 3 నిమిషముల 20 సెకండ్లు పట్టినచో 9 కిలోమీటర్లు. రెండు వేగములను కలిపి సగము చేయగా 12. పడవ నిజమైన వేగము అదియే. ఏటి వాలు 3 కిలోమీటర్లు. నేడు అందరి చేతులలోను ఉన్న సెల్‌ఫోను వేగము చూపును గాని, అది ఏటి వాలుతో కలిపి చూపునది. ఒక్కవైపు మాత్రమే నడిపి అంకె చూచుకొని సంతోషించువారు ఇందువలన మోసపోవుదురు.

వేగముకంటె ముఖ్యమైన పరీక్ష ఇంకొకటి కలదు. చాల నాటుపడవలకు వెనుకకు నడుపు గేరు ఉండదు. ఇంజను ఆపి, జారుచు రేవు చేరవలెను. కావున ఖాళీగా నున్నపుడును, బరువుతో నున్నపుడును, వాలునను, ఎదురునను, ఇంజను ఆపిన పిదప పడవ ఎంత దూరము పోయి నిలుచునో వేరువేరుగా చూచుకొనవలెను. రేవులో పిల్లలు స్నానము చేయుచుందురని మరువరాదు. ఈ పని ఎవరును లేని చోట పది పర్యాయములు చేసినగాని సరంగు చేయి కుదురదు. నడి ఏటిలో ఇంజను ఆగిపోయినట్లు భావించి, లంగరు వేసి, గెడలతోను, తెడ్లతోను ఒడ్డు చేరుట కూడ ఒకసారి చేసి చూడవలెను. లంగరు మోకు ఎక్కడ చిక్కుపడియున్నదో అపుడే తెలియును.

బరువు వేయు పద్ధతి

బరువైన సరకు అడుగున, నడుమ ఉండవలెను. పడవ సమముగా, వెనుక ఒక్కింత దిగి తేలవలెను. పూర్తి బరువుతోను పడవ అంచు, మిక్కిలి పల్లముగా నున్నచోట, నీటికి ఒక అడుగుకంటె తక్కువ ఎత్తున ఉండకూడదు. ఆ గీటును తెల్లరంగుతో పడవకు ఇరుప్రక్కల వేయించినచో కూలీలు ఎక్కుచుండగా ఎవరికిని నోటితో చెప్పనక్కరలేదు. మేత మోపులు ఎత్తుగా పేర్చిన పడవను గాలి త్రోయును. మోపులమీద మనుషులను కూర్చుండబెట్టుట మిక్కిలి అపాయకరము. తలబరువు పెరిగి పడవ తిరుగబడును.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో పడవ తిరుగబడి 20 మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలము కచ్చులూరు వద్ద వరదనీటిలో పడవ మునిగి ఎన్నో కుటుంబములు దుఃఖముపాలయ్యెను. అవి విహారమునకు పోయినవారి పడవలు. నది మాత్రము విహారమునకు, వ్యవసాయమునకు వేరుగా నుండదు. ఎక్కిన ప్రతి మనిషికి తేలుడు కోటు ఉండవలెను. మూటగట్టి మూలబెట్టిన కోటు ఉన్నను లేనట్లే. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఎగురవేయుదురు. పాత ఇంజను పడవవారు మొదటి హెచ్చరిక రాకమునుపే, నీరు ఎఱ్ఱబడి దుంగలు కొట్టుకొని వచ్చుట కనబడగనే, పడవను ఒడ్డెక్కించుట క్షేమము. పశువులను, మేతను ముందుగానే గట్టుకు చేర్చుకొనవలెను.

కాగితములు

1917 నాటి చట్టమును తొలగించి అంతర్దేశీయ నౌకల చట్టము 2021లో చేయబడినది. ఇంజనుతో నడుచు పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా దీనిలో చెప్పబడినవి. కొనునపుడే పాత యజమాని పేరున నున్న కాగితములు తీసికొని, తమ పేరునకు మార్పించుకొనవలెను. ఇంజను సంఖ్య కాగితముపై నున్నదియు, ఇంజనుపై నున్నదియు ఒకటియేనా యని చూచిన పిదపనే మిగిలిన సొమ్ము ఇవ్వవలెను.

పడవ సుఖము

ఇంత చేసినవారికి పడవ బరువు మోయుటకు మాత్రమే కాక కుటుంబమునకు సంతోషమునకును పనికివచ్చును. ఇంజను కాళ్ల క్రింద రబ్బరు దిమ్మలు వేసి, సైలెన్సరు సరిచేయించినచో చెవులు దిబ్బడలు పడవు. తాటాకుతోగాని, గుడ్డతోగాని తేలికగా నీడ కట్టవచ్చును. ఎత్తుగా కట్టినచో గాలికి తెరచాప యగును. కార్తీకమాసములో ఏరు తేటపడి, వాలు తగ్గిన సాయంకాలము సగము వేగముతో లంక చుట్టి వచ్చుట, ఇసుక తిప్ప దగ్గర ఇంజను ఆపి ఇంటివారితో కూర్చుండుట ఎవరికి ఇష్టముండదు? అయితే ముసలివారిని, పిల్లలను ఎక్కించుకొను దినమున సరకు వేయవలదు. చీకటి పడకముందే రేవు చేరవలెను. దిగువ పాయలలో పోటు, పాటు వేళలు చూచుకొని బయలుదేరవలెను. లేనిచో పాటు తీసినపుడు తిప్పపై పడవ నిలిచి, మరల పోటు వచ్చువరకు దోమలతో కాలక్షేపము చేయవలసివచ్చును.

పడవలో ఒక చిన్న పుస్తకము ఉంచి, పోసిన డీజిలు, నడిపిన గంటలు వ్రాయుచుండవలెను. గంటకు పట్టు డీజిలు మొదటి నెలకంటె హెచ్చినట్లు కనబడినచో మెకానికును పిలుచుటకు ముందు అడుగు బల్లలెత్తి నీరు చూడుడు. పంకాకు వల ముక్క చుట్టుకొన్నదేమో చూడుడు. అప్పటికిని తెలియనిచో పడవను ఒడ్డుకు లాగించి నాచు గీకించుడు.